2⁶⁷ − 1: 21 అంకెల సంయుక్త సంఖ్య గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ సంఖ్య గురించి?

రెండును అరవై ఏడుసార్లు హెచ్చవేసి, అందులోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య గురించి:

2⁶⁷ − 1 = 147573952589676412927

మొత్తం 21 అంకెలు. చూడగానే ప్రధాన సంఖ్యలా అనిపిస్తుంది. సరి కాదు, 5తో ముగియదు, 3, 7, 11, 13 ఏవీ దీన్ని భాగించవు. అయినా ఇది సంయుక్త సంఖ్యే. సరిగ్గా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం:

193707721 × 761838257287

కింద చాలాచోట్ల వీటి ప్రస్తావన వస్తుంది కాబట్టి మొత్తం సంఖ్యను స అని, చిన్న కారణాంకాన్ని చ అని, పెద్దదాన్ని ప అని రాస్తున్నాం.

ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద సంఖ్యలు ఉన్నాయి కదా, దీన్నే ఎందుకు పట్టుకున్నారు?

కాగితం మీద సరిచూసుకోవడానికి వీలైనంత చిన్నది, గుడ్డిగా భాగించుకుంటూ పోతే విసుగు పుట్టించేంత పెద్దది కాబట్టి. కారణాంకాలు వెతికే పద్ధతుల్లో ఒకటి దీని మీద చక్కగా పనిచేస్తుంది, ఇంకొకటి ఘోరంగా విఫలమవుతుంది. రెండింటికీ కారణం కళ్లముందే కనబడుతుంది. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

దీన్ని ఒకప్పుడు ప్రధాన సంఖ్య అనుకున్నారట, నిజమేనా?

నిజమే. 1644లో ఫ్రెంచ్ సన్యాసి, గణితవేత్త మారాఁ మెర్సెన్ 257 వరకు ఏయే ఘాతాంకాలకు 2ⁿ − 1 ప్రధాన సంఖ్య అవుతుందో ఒక జాబితా ఇచ్చాడు: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. ఇందులో 67, 257 తప్పు. ఉండాల్సిన 61, 89, 107 లేవు. అయినా ఇలాంటి సంఖ్యలకు ఆయన పేరే నిలిచింది.

1876లో ఎడువార్ లూకాస్ ఇది సంయుక్త సంఖ్య అని తేల్చాడు, అదీ ఒక్క కారణాంకం కూడా చూపకుండా. కారణాంకాలు బయటపడడానికి మరో 27 ఏళ్లు పట్టింది. 1903 అక్టోబరులో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ సమావేశంలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ వాటిని చూపించాడు. బోర్డు మీద ఒకవైపు 2⁶⁷ − 1 విలువ కట్టి, మరోవైపు గుణకారం చేసి, ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నాడని చెప్పుకుంటారు.

ఈ 27 ఏళ్ల ఎడమే అసలు విషయం. ఒక సంఖ్య సంయుక్తమని తెలియడం వేరు, దాని కారణాంకాలు తెలియడం వేరు. కింది సమాధానాల్లో సగం ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఆ గుణకారాన్ని చేత్తో ఎలా సరిచూడాలి?

193707721ని రెండు ముక్కలు చేయండి: 193 మిలియన్లు ఒకటి, మిగిలిన 707721 ఒకటి.

761838257287 × 193000000 = 147034783656391000000

761838257287 × 707721 = 539168933285412927

రెండూ కలిపితే 147573952589676412927.

మొదటి వరుసకు ఒక కిటుకు ఉంది. 193 అంటే 200 − 7 కదా. రెండు వందల రెట్లు కట్టి (152367651457400), అందులోంచి ఏడు రెట్లు (5332867801009) తీసేస్తే చాలు.

అంకె జారిందేమో అని అనుమానం వస్తే తొమ్మిదితో శేషాలు చూడండి. స అంకెల మొత్తం 109, అంటే శేషం 1. చ అంకెల మొత్తం 37, శేషం 1. ప అంకెల మొత్తం 64, శేషం 1. ఒకటి ఇంటు ఒకటి ఒకటే, సరిపోయింది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు, ఎందుకంటే అంకెల మొత్తం మారదు. దానికి 11తో చూడాలి. కుడివైపు నుంచి ఒక అంకె కూడుతూ ఒకటి తీసేస్తూ పోతే చ శేషం 9, ప శేషం 8 వస్తాయి. లబ్ధం 72, 11తో దాని శేషం 6. స శేషమూ 6 రావాలి. 2¹⁰ని 11తో భాగిస్తే శేషం 1 కాబట్టి 2⁶⁷ శేషం 2⁷ శేషమే, అంటే 7. ఒకటి తీసేస్తే 6.

21 అంకెల సంఖ్యను ముట్టుకోకుండానే చ దీన్ని భాగిస్తుందని చూపవచ్చా?

చూపవచ్చు. ఈ సంఖ్యకున్న అందమైన గుణాల్లో ఇదొకటి. 2⁶⁷ని 193707721తో భాగిస్తే శేషం 1 వస్తుందని చూపిస్తే చాలు. మధ్యలో ఎక్కడా 16 అంకెలు దాటవు.

మొదట 2³³ = 8589934592. ఇందులో చ 44 సార్లు పోతుంది, శేషం 66794868.

ఈ శేషాన్ని వర్గం చేస్తే 4461554391137424. అది 2⁶⁶కు సరిపోతుంది. చతో భాగిస్తే భాగఫలం 23032403, శేషం 96853861.

ఇంకొక్కసారి రెట్టింపు చేస్తే 2⁶⁷: 193707722. చ కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ, అంటే శేషం 1. పని అయిపోయింది.

దీని భాజకాలు ఎన్ని? వాటి మొత్తం ఎంత?

నాలుగే: 1, చ, ప, స. వాటి మొత్తం (చ + 1)(ప + 1) = 147573953351708377936. సను మినహాయించి మిగతా మూడు భాజకాలను కూడితే 762031965009 మాత్రమే వస్తుంది, స ముందు అది దాదాపు శూన్యం. కాబట్టి ఇది న్యూన సంఖ్య.

సతో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు స లోపల ఎన్ని ఉన్నాయో చెప్పే ఆయిలర్ ఫై విలువ (చ − 1)(ప − 1) = 147573951827644447920. ఈ విలువ ఎవరైనా ఇచ్చేస్తే కారణాంకాలు ఇచ్చేసినట్టే. స + 1 లోంచి దాన్ని తీసేస్తే చ + ప = 762031965008 వస్తుంది. మొత్తం తెలుసు, లబ్ధం తెలుసు, ఇక వర్గ సమీకరణం సాధించడమే మిగిలింది.

కారణాంకాలన్నీ 134తో భాగిస్తే శేషం 1 ఇస్తాయంటారు. ఎందుకు?

స కు ఏదో ఒక బేసి ప్రధాన కారణాంకం ఉందనుకోండి. దానితో భాగించినప్పుడు 2⁶⁷ శేషం 1. 67 ప్రధాన సంఖ్య కాబట్టి అంతకంటే చిన్న ఘాతం దగ్గర ఈ శేషం 1 రాదు (2¹ దగ్గర రావడం అసాధ్యం). మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ కారణాంకంలోంచి ఒకటి తీసేసిన ఘాతం దగ్గర కూడా శేషం 1 రావాలి. కాబట్టి ఆ ఘాతాన్ని 67 భాగించి తీరాలి. అది సరి సంఖ్య కూడా కనుక 134 భాగిస్తుంది.

రెండో నియమం కూడా ఉంది: ప్రతి ప్రధాన కారణాంకాన్నీ 8తో భాగిస్తే శేషం 1 లేదా 7 మాత్రమే వస్తుంది. 2⁶⁸ శేషం 2 అవుతుంది కదా, అంటే 2 అనేది 2³⁴ యొక్క వర్గంలా ప్రవర్తిస్తోంది. రెండు అలా వర్గశేషం కావాలంటే ప్రధాన సంఖ్యకు 8తో శేషం 1 గానీ 7 గానీ ఉండాలి.

సరిచూడండి: చ = 134 × 1445580 + 1, 8తో శేషం 1. ప = 134 × 5685360129 + 1, 8తో శేషం 7.

ఈ నియమాల వల్ల పని ఎంత తగ్గుతుంది?

బేసి సంఖ్యలన్నిటితో భాగించుకుంటూ పోతే చ దగ్గరికి చేరేసరికి దాదాపు 9.7 కోట్ల భాగహారాలు. 134తో శేషం 1 ఉన్నవే తీసుకుంటే సుమారు 14.5 లక్షలు. 8 నియమం కలిపితే అందులో సగం. 3, 5, 7తో భాగించబడేవి కొట్టేస్తే దాదాపు 3.3 లక్షలు మిగులుతాయి.

మొదట్లో ఎలా ఉంటుందో చూడండి. 134 × 1 + 1 = 135, 5 భాగిస్తుంది. గుణకాలు 2, 3 అయితే 8 నియమం ఒప్పుకోదు. 4 అయితే 537, 3 భాగిస్తుంది. 5 అయితే 671 = 11 × 61. 8 అయితే 1073 = 29 × 37. 9 అయితే 1207 = 17 × 71. గుణకం 12 దగ్గర 1609 వస్తుంది. నిజంగా భాగించి చూడాల్సిన మొట్టమొదటి ప్రధాన సంఖ్య అదే. గుణకాన్ని 4తో భాగిస్తే శేషం 0 లేదా 1 ఉన్నప్పుడే 8 నియమం సరిపోతుంది కాబట్టి, మిగతా గుణకాలను ప్రోగ్రామ్ అసలు ముట్టుకోకూడదు.

ఘాతాంకం 67 ప్రధాన సంఖ్యే కదా, మరి 2⁶⁷ − 1 ఎందుకు కాలేదు?

ఘాతాంకం ప్రధాన సంఖ్య కావడం అవసరం, కానీ అది చాలదు. 11 దగ్గరే ఈ ఆశ కూలుతుంది: 2¹¹ − 1 = 2047 = 23 × 89.

కారణాంకం తెలియకుండానే సంయుక్తమని లూకాస్ ఎలా చెప్పగలిగాడు?

ఆయన దారిని తర్వాత డి.హెచ్. లేమర్ సరళం చేశాడు. ఇప్పుడు లూకాస్–లేమర్ పరీక్ష అంటారు. 4తో మొదలుపెట్టండి. ప్రతి మెట్టులో ఉన్న విలువను వర్గం చేసి 2 తీసేసి, సతో భాగించి శేషం ఉంచుకోండి. 4, 14, 194, 37634... ఇలా. ఘాతాంకం 67 కాబట్టి 65 మెట్లు. ఆఖరి శేషం సున్నా అయితే ప్రధాన సంఖ్య, కాకపోతే సంయుక్తం. ఇక్కడ సున్నా రాదు. అంతే, తీర్పు అయిపోయింది, కానీ కారణాంకాల జాడ దొరకదు.

ఎక్కువమంది తప్పు చేసేది మెట్ల లెక్క దగ్గరే. 4ను మొదటి మెట్టుగా లెక్కపెట్టి ఒకటి తక్కువ చేస్తారు, లేదా 67 మెట్లు చేసేస్తారు. ముందు ఘాతాంకం 7తో చూసుకోండి. 127తో శేషాలు 4, 14, 67, 42, 111, 0. మొదటి 4 తర్వాత సరిగ్గా ఐదు మెట్లకు సున్నా రావాలి.

సతో భాగించడానికి నిజమైన భాగహారం అక్కర్లేదు. ద్విసంఖ్యామానంలో విలువను కుడివైపు 67 బిట్ల దగ్గర విరిచి, ఎడమ ముక్కను కుడి ముక్కకు కలిపితే చాలు. 2⁶⁷ శేషం 1 కాబట్టి ఇది కుదురుతుంది. కూడిక ఫలితం స అంత గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒకసారి స తీసేయడం మరచిపోవద్దు. సున్నాకు బదులు స వచ్చి కూర్చుంటే ప్రధాన సంఖ్యను కూడా సంయుక్తమని పొరబడతారు.

నా ప్రోగ్రామ్ ఇది ప్రధాన సంఖ్య అంటోంది. ఎక్కడ తప్పింది?

బహుశా 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష గానీ మిల్లర్–రాబిన్ పరీక్ష గానీ చేసి ఉంటారు (ఒక ఆధార సంఖ్యను పెద్ద ఘాతానికి ఎత్తి, వచ్చిన శేషాన్ని బట్టి ప్రధానమా కాదా చెప్పే పరీక్షలివి). ఆ రెండింటినీ ఈ సంఖ్య మోసం చేస్తుంది.

స − 1 = 2 × (2⁶⁶ − 1). ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2⁶⁶ − 1ని 67 భాగిస్తుంది. 2⁶⁷ శేషం ఎటూ 1 కాబట్టి, 2ను 2⁶⁶ − 1 ఘాతానికి ఎత్తినా శేషం 1 వస్తుంది. మిల్లర్–రాబిన్‌కు అదే చాలు, ప్రధానమే అనేస్తుంది. ఘాతాంకం ప్రధాన సంఖ్య అయిన ప్రతి సంయుక్త మెర్సెన్ సంఖ్యకూ ఇదే జబ్బు.

3 ఆధారంగా చేస్తే బండారం బయటపడుతుంది. నిజానికి ఫెర్మా పరీక్షను మోసపుచ్చే ఆధారాలు ఎన్నో కచ్చితంగా లెక్కపెట్టవచ్చు. చ − 1, ప − 1ల గ.సా.భా. 1206. మోసపుచ్చేవి 1206 × 1206 = 1454436. స అంత పెద్ద మైదానంలో ఇవి గుప్పెడు. యాదృచ్ఛికంగా ఒక ఆధారం తీసుకుంటే మోసపోవడం దాదాపు జరగదు. రెండును ఎంచుకోవడమే దురదృష్టం.

కారణాంకాన్ని వేగంగా పట్టే పద్ధతి ఏది?

పొలార్డ్ 1974లో ప్రతిపాదించిన «ప్రధాన సంఖ్య మైనస్ ఒకటి» పద్ధతి. ఈ సంఖ్య దానికోసమే పుట్టినట్టుంటుంది, ఎందుకంటే

చ − 1 = 2³ × 3³ × 5 × 67 × 2677

ముక్కలన్నీ చిన్నవే. ఘాతంలో ఈ ముక్కలన్నీ చేరితే ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం చతో శేషం 1 వస్తుంది. చేయాల్సింది ఇది. 100 లోపు ప్రధాన సంఖ్యల ఘాతాలు తీసుకోండి: 2⁶, 3⁴, 5², 7², ఆపైన 11 నుంచి 97 దాకా ఒక్కొక్కటి. 3ను వీటన్నిటి ఘాతానికి ఎత్తి, ప్రతి అడుగులో సతో శేషం తీయండి. వచ్చిన విలువలోంచి 1 తీసేసి సతో గ.సా.భా. చూస్తే ఇంకా 1 వస్తుంది, కంగారు పడకండి, 2677 బాకీ ఉంది. రెండో దశలో 101 నుంచి 3000 వరకు ఒక్కో ప్రధాన సంఖ్య ఘాతానికి ఎత్తి, ఒకటి తీసేసి, వాటన్నిటినీ ఒకే లబ్ధంలో చేర్చుకుంటూ పోండి. చివర్లో ఒకే ఒక్క గ.సా.భా.: 193707721.

ప మాత్రం ఈ వలలో పడదు. ప − 1 = 2 × 3² × 29 × 67 × 2551 × 8539. వంద దాటినవి రెండున్నాయి, రెండో దశ ఒక్కదాన్నే భరించగలదు.

అదే పద్ధతి చేస్తే నాకు గ.సా.భా.గా మొత్తం సంఖ్యే వచ్చింది.

రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది, 3కు బదులు 2 వాడటం. 2కు 67వ ఘాతం దగ్గరే చ, ప రెండింటితోనూ శేషం 1 వస్తుంది, కాబట్టి ఘాతంలో 67 చేరగానే రెండు కారణాంకాలూ ఒకేసారి పడిపోతాయి. ఇలాంటి సంఖ్యలకు 2 ఎప్పుడూ వాడకూడదు.

రెండోది, హద్దు మరీ పెంచేయడం. మొదటి దశ హద్దును 10000 పెట్టి గ.సా.భా. చివర్లో ఒక్కసారే చూస్తే 2677, 2551, 8539 అన్నీ లోపలికి వచ్చేస్తాయి, చతోపాటు పనూ లాగేస్తాయి. హద్దును మెల్లగా పెంచుతూ మధ్యమధ్య గ.సా.భా. చూసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

ఫెర్మా వర్గాల తేడా పద్ధతి, రో పద్ధతి సంగతేంటి?

ఫెర్మా పద్ధతి జోలికి పోవద్దు. కారణాంకాలు వర్గమూలానికి దగ్గరగా ఉంటేనే అది పనికొస్తుంది. ఇక్కడ వర్గమూలం సుమారు 12148002000. వెతుకులాట అక్కడ మొదలై, రెండు కారణాంకాల సగటు 381015982504 దాకా నడవాలి. అంటే దాదాపు 36887 కోట్ల అడుగులు. ప అనేది చ కంటే సుమారు 3933 రెట్లు పెద్దది మరి.

పొలార్డ్ రో పద్ధతికి కావలసిన అడుగులు చ వర్గమూలం స్థాయిలో, అంటే 14 వేల చుట్టుపక్కల ఉంటాయి. మామూలు కంప్యూటర్‌కు రెప్పపాటు పని.

కాలిక్యులేటర్‌లో, కోడ్‌లో ఈ సంఖ్య తప్పుగా ఎందుకు వస్తుంది?

దీనికి 67 బిట్లు కావాలి. సాధారణ పూర్ణాంకంలో 64 ఉంటాయి. మూడు బిట్లు తక్కువైనందుకు రకరకాల వింతలు జరుగుతాయి.

64 బిట్ల గుర్తు ఉన్న పూర్ణాంకాల్లో చ, పలను హెచ్చవేస్తే చాలా యంత్రాల్లో −1 వస్తుంది. 2⁶⁴తో భాగిస్తే స శేషం సరిగ్గా 2⁶⁴ − 1, దాన్ని గుర్తుతో చదివితే −1. గుర్తు లేని రకంలో 18446744073709551615 కనబడుతుంది.

దశాంశ రకంలో (ఫ్లోటింగ్ పాయింట్, డబుల్) 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది కనుక స విలువ 2⁶⁷కు గుండ్రమవుతుంది. అప్పుడు ప్రోగ్రామ్ ఇది సరి సంఖ్య, 2 భాగిస్తుంది అని చెబుతుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా రాస్తే 147573952589676410000 అని కనిపించడానికీ ఇదే కారణం. అక్కడ పెద్ద పూర్ణాంకాల కోసం ఉన్న బిగ్‌ఇంట్ రకం వాడాలి. స్ప్రెడ్‌షీట్లు 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తాయి, కాబట్టి గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

128 బిట్ల రకం ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక హెచ్చరిక. స అందులో పడుతుంది, కానీ స కంటే చిన్న రెండు విలువల లబ్ధానికి 134 బిట్లు కావచ్చు. శేషం తీయకముందే పైబిట్లు ఊడిపోతాయి. లూకాస్–లేమర్ పరీక్షలో మొదటి ఆరు మెట్లు సరిగ్గా వచ్చి ఏడో మెట్టు నుంచి చెడిందంటే అనుమానించాల్సింది దీన్నే.

పైథాన్‌లో పూర్ణాంకాలకు ఇలాంటి హద్దు లేదు. అయితే ఘాతం మొత్తం కట్టి ఆ తర్వాత శేషం తీయబోతే మెమరీ నిండిపోతుంది. ఘాతంతోపాటే శేషం తీసే మూడు విలువల పవర్ ఫంక్షన్ వాడండి. వర్గమూలానికి కూడా పూర్ణాంక వర్గమూలాన్నే వాడండి.

ద్విసంఖ్యామానంలో ఇది ఎలా ఉంటుంది?

వరుసగా 67 ఒకట్లు. ఒకటిని ఈ సంఖ్యతో భాగించి ద్విసంఖ్యామానంలో రాస్తే చుక్క తర్వాత 66 సున్నాలు, ఒక 1, మళ్లీ 66 సున్నాలు, ఒక 1... ఇదే ఆవర్తనం అంతులేకుండా సాగుతుంది.

వర్గాల మొత్తంగా రాయవచ్చా?

రెండు వర్గాలుగా కుదరదు, మూడుగా కూడా కుదరదు. వర్గాన్ని 8తో భాగిస్తే శేషం 0, 1, 4 మాత్రమే. వీటిలో మూడు తీసుకుని ఎలా కలిపినా 7 రాదు; స శేషం 7. లగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం నాలుగు వర్గాలతో తప్పక కుదురుతుంది.

పరిపూర్ణ సంఖ్యలతో దీనికి సంబంధం ఉందా?

స ప్రధాన సంఖ్య అయ్యుంటే 2⁶⁶ × స పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించిన భాజకాల మొత్తం తనకే సమానమైనది) అయ్యేది. ఇప్పుడు దాని భాజకాల మొత్తంలో 2⁶⁶ వైపు నుంచి స, స వైపు నుంచి 2⁶⁷ కంటే పెద్ద సంఖ్య గుణకాలుగా వస్తాయి. కాబట్టి మొత్తం రెట్టింపు దాటుతుంది, అది అధిక సంఖ్య అవుతుంది. దాటింది చాలా కొద్దిగానే.

రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమే కాబట్టి ఆర్‌ఎస్‌ఏ తాళంగా వాడవచ్చా?

ఆర్‌ఎస్‌ఏ అంటే రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విడగొట్టడం కష్టమన్న దాని మీద ఆధారపడే రహస్య సంకేత పద్ధతి. ఈ సంఖ్యను అందులో అభ్యాసానికి తప్ప వాడకూడదు. 67 బిట్లు అంటే క్షణంలో విరిగిపోతుంది. ఆర్‌ఎస్‌ఏ–250 అనే 829 బిట్ల సవాలు సంఖ్యనే 2020లో విడగొట్టారు. పైగా 2⁶⁷ − 1 లాంటి ప్రత్యేక రూపం వెతికేవాడి చేతికి 134 నియమాన్ని ఉచితంగా ఇచ్చేస్తుంది. చ − 1కు అన్నీ చిన్న కారణాంకాలే ఉండటం మరో బలహీనత.

1876 నాటి పరిస్థితిలో, అంటే సంయుక్తమని తెలిసి కారణాంకాలు తెలియకుండా ఉన్న సంఖ్యలు ఇప్పుడూ ఉన్నాయా?

చాలా ఉన్నాయి. ఇదే కుటుంబంలో 320 అంకెల 2¹⁰⁶¹ − 1 చాలాకాలం అలాగే ఉండి 2012లో విడిపోయింది. 385 అంకెల 2¹²⁷⁷ − 1 మాత్రం బాగా పేరున్న మొండి సంఖ్య. లూకాస్–లేమర్ పరీక్ష దాన్ని సంయుక్తమని ఎప్పుడో తేల్చేసింది, ఎన్నేళ్లు వెతికినా ఒక్క కారణాంకమూ చిక్కలేదు. ప్రయత్నించదలిస్తే 134కు బదులు 2554 వాడాలి. 8 నియమం అలాగే ఉంటుంది.